పరిశోధకుల ప్రయాణానికి ఖర్జె హసనా



హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసును, దానిని ప్రవక్త (స) నుంచి స్వయంగా విన్న సహాబీ నోట వినాలని నెల రోజులు ప్రయాణించి సిరియా చేరుకున్నారు. విద్యార్జన ప్రాముఖ్యం చెప్పే ప్రతి సభలోనూ ఈ వృత్తాంతం వింటూనే ఉన్నాము. బయలుదేరేముందు ఆయన ఒక ఒంటెను కొన్నారన్న సంగతి కూడా అందులోనే ఉంది. ఈనాడు మేము మాట్లాడదలచినది ఆ ఒంటె గురించే.

మా పరిశోధక మిత్రులలో ఒక సోదరి ఉన్నారు. తండ్రి దర్జీ. ఆమె వ్యాసం విదేశంలో జరిగే ఒక సదస్సుకు ఎంపికైంది. ప్రయాణ సహాయానికి దరఖాస్తు చేశారు, మంజూరు కూడా అయింది. అయినా ఆమె వెళ్లలేదు. మంజూరైన సొమ్ము తిరిగి వచ్చిన తరువాతే చేతికందుతుంది. విమాన టికెట్టు, నమోదు రుసుము, వీసా ఖర్చు ముందుగా తానే భరించాలి. వీసా దరఖాస్తుకు బ్యాంకు ఖాతాలో నిల్వ కూడా చూపాలి. నెల జీతం అందుకునే అధ్యాపకునికి ఇది కొద్ది నెలల ఇబ్బంది మాత్రమే. ఆ ఇంటికి మాత్రం కుట్టుమిషను అమ్మినా తీరని లెక్క.

మన దేశంలో ఇటువంటి సహాయం లేకపోలేదు. విజ్ఞానశాస్త్రాల వారికి సి.ఎస్.ఐ.ఆర్., శాస్త్ర ఇంజనీరింగ్ పరిశోధనా మండలి, సామాజిక శాస్త్రాల వారికి ఐ.సి.ఎస్.ఎస్.ఆర్. అందిస్తూ వచ్చాయి. 2023 నాటి చట్టంతో ఆ మండలి అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థలో కలిసిపోయింది. అయితే బోర్డింగు పాసులు, రసీదులు, పత్రం సమర్పించినట్లు ధ్రువపత్రం చూపిన తరువాతే సొమ్ము చెల్లించడం వీటిలో సాధారణ పద్ధతి. ప్రభుత్వ ధనానికి లెక్క అడగడాన్ని మేము తప్పుపట్టడం లేదు. కొంత భాగమైనా ముందుగా ఇవ్వాలన్నదే మా కోరిక.

మన పిల్లలకు కొంత ఊతంగా నిలిచిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ 2009లో మొదలైంది. ఇతర ఫెలోషిప్పులు ఉన్నాయన్న కారణం చూపి, 2022-23 నుంచి దానిని నిలిపివేస్తున్నట్లు కేంద్రం లోక్‌సభలో ప్రకటించింది. అప్పటికే పొందుతున్న వారికి కొనసాగుతుందన్నారు గాని, వారు కూడా నెలల తరబడి బకాయిల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకం ఉంది. మంచిదే. ఇక్కడే ఉండి పరిశోధన చేస్తూ, వారం రోజుల సదస్సుకు వెళ్లవలసిన వారికి అది వర్తించదు. ఈ విషయమై మైనారిటీ సంక్షేమ శాఖకు వినతిపత్రం ఇవ్వాలి, ఇస్తాము కూడా.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. మన బైతుల్‌మాల్‌లు పెళ్లిళ్లకు, వైద్యానికి ఖర్జె హసనా ఇస్తున్నాయి. అదే విధంగా ఒక చిన్న నిధి పెడదాం. ఎంపిక లేఖ, మంజూరు లేఖ చూపిన వారికి వడ్డీలేని అప్పు ఇస్తాము. ప్రభుత్వ సొమ్ము రాగానే వారు తిరిగి జమచేస్తారు. ఆ పైకమే మరొకరికి ఉపయోగపడుతుంది. చిక్కులు లేవని చెప్పము. టికెట్టు కొన్నాక వీసా నిరాకరించవచ్చు, మంజూరైన దానికంటే ఖర్చు పెరగవచ్చు. ఆ నష్టాన్ని విద్యార్థి మీద మోపకుండా నిధే భరించాలని మా అభిప్రాయం. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చునా అన్నది ఉలమాలు తేల్చవలసిన విషయం. కనుక ప్రస్తుతానికి సాధారణ విరాళాలతోనే మొదలుపెడదాం.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఎంపిక లేఖ వచ్చాక పాస్‌పోర్టుకు పరుగెత్తితే గడువు దాటిపోతుంది. పరిశోధనలో చేరిన నాడే తీయించండి. ఆడపిల్లను ఒంటరిగా ఎలా పంపడమన్న ప్రశ్న చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఆ బెంగను మేము తేలికగా తీసుకోము. మొదట ఢిల్లీకో, బెంగళూరుకో తండ్రి లేక సోదరుడు తోడుగా వెళ్లి రండి. ఆ రైలు టికెట్టును కూడా ఈ నిధి నుంచి ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాము.

మేము చెప్పిన సోదరి ఈ నెలలో మరొక సదస్సుకు వ్యాస సంగ్రహం పంపారు. ఫలితం రెండు నెలల్లో తెలుస్తుంది. విరాళాల రిజిస్టరు ద్వారం పక్కనున్న బల్ల మీద ఉంచాము.