కొత్త ఇంటికి భూమి వేడి: ఖర్చెంత, మిగులెంత?
(మన సంఘం పరకాల సమావేశంలో ఒక సీనియర్ సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



నేను డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో మాట్లాడతానని కొందరు అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడే ఉన్నారు. నేను చెప్పదలచినది వేరు. కొత్తగా కట్టే ఇంటికి భూమిలోని వేడిని వాడుకొనే ఏర్పాటు పెట్టిస్తే ఖర్చు గిట్టుతుందా, లేదా అన్నది. మే నెలలో నెత్తి మాడిపోయే పరకాలలో ఇల్లు వెచ్చబెట్టుకొనే మాట ఏమిటని నవ్వుకోవచ్చు. కాని మనలో చాలామంది పిల్లలు చలిదేశాలలో ఉన్నారు. అక్కడ ఇళ్లు కడుతున్నారు. కట్టేముందు ఫోను చేసి సలహా అడుగుతున్నారు, కొందరు డబ్బు కూడా అడుగుతున్నారు. కాబట్టి ఇది మన ఇంటి విషయమే.

మా రెండోవాడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఇల్లు కట్టించుకుంటున్నాడు. “బాపూ, జియోథర్మల్ పెట్టిస్తే నెలనెలా బిల్లు బాగ తగ్గుతదంటున్నరు. కాకపోతే ముందు ఖర్చెక్కువ. మన ప్లాటు అమ్మితే ఆ తేడా సరిపోతది గద” అని అడిగాడు. ఆ ప్లాటు నా గ్రాట్యుటీ డబ్బుతో కొన్నది. ముప్పై మూడేళ్లు ఎస్టిమేట్లు, బిల్లులు చూసినవాణ్ని. కాగితం మీద లెక్క తేలనిదే అవుననను, కాదనను. “వారం గడువియ్యి బిడ్డా” అన్నాను. ఆ వారంలో వేసిన లెక్కే మీ ముందు పెడుతున్నాను.

ముందు ఆ ఏర్పాటు ఏమిటో చూద్దాం. చలికాలం పొద్దున బాయిలోంచి తోడిన నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, ఎండాకాలం అవే నీళ్లు చల్లగా తోస్తాయి. నీళ్లు మారలేదు, పైన గాలి మారింది. కొన్ని గజాల లోతుకు పోతే భూమి వేడి ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకేలాగ ఉంటుంది. మిషిగన్‌లో అది సుమారు 10 డిగ్రీలు. పైన మంచు కురిసి సున్నాకు ఎంతో దిగువకు పోయినప్పుడు కూడా లోపల అంతే. భూమిలో ప్లాస్టిక్ గొట్టాలు పాతి, వాటిలో నీటిని తిప్పి, ఆ 10 డిగ్రీల వేడిని ఒక యంత్రం ద్వారా ఇంట్లోకి తెస్తారు. ఆ యంత్రాన్ని హీట్ పంప్ అంటారు. మన ఫ్రిజ్ లోపలి వేడిని వెనుకవైపుకు తోసినట్టే, ఇది నేలలోని వేడిని ఇంట్లోకి తోస్తుంది. ఎండాకాలంలో తిరగబడి ఇంటి వేడిని నేలలోకి పంపుతుంది. మామూలు కరెంటు హీటరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడినే ఇస్తుంది. ఈ యంత్రం ఒక యూనిట్‌కు మూడు, నాలుగు యూనిట్ల వేడిని తెచ్చి పెడుతుంది. పొదుపంతా అక్కడిదే.

దీనిని మన మణుగూరు వేడినీళ్లతో కలపకూడదు. ఏటూరునాగారం, మంగపేట దాటి పోతే మణుగూరు దగ్గర పగిడేరు ఉన్నది. అక్కడి బోర్లలోంచి వేడినీళ్లు వాటంతట అవే ఉబికి వస్తాయి. ఆ వేడితో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. అది భూగర్భంలో లోతునుంచి వచ్చే వేడి. అటువంటి వేడినీటి ఊటలను జియలాజికల్ సర్వే వారు 2022లో వెలువరించిన అట్లాసులో దేశం మొత్తం మీద 381 లెక్కగట్టారు. ఐస్‌లాండ్ దేశంలో అటువంటి నీళ్లతోనే దాదాపు పదింట తొమ్మిది ఇళ్లు వెచ్చబడుతున్నాయి. మావాడు అడిగినది అది కాదు. అతను అడిగిన ఏర్పాటుకు ఊట అక్కరలేదు, నేల ఉంటే చాలు. 2025 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన భూతాప శక్తి విధానంలో ఈ రెండు రకాలకూ చోటిచ్చారు.

ఇక ఖర్చు. అమెరికాలో ఒక ఇంటికి ఈ ఏర్పాటుకు సాధారణంగా 20 వేల నుంచి 40 వేల డాలర్ల దాకా అవుతుంది. అందులో పెద్ద భాగం తవ్వకానిదే. జాగా ఉంటే కందకాలు తీసి గొట్టాలు పరుస్తారు. జాగా లేకుంటే మన బోర్లలాగే వందల అడుగులు నిలువుగా దింపుతారు. లెక్క కోసం 30 వేలు అనుకుందాం. చాలామంది ఇక్కడే బెదిరిపోతారు. కాని ఈ 30 వేలను చూడకూడదు. అక్కడ ఏదో ఒక హీటింగు, ఏసీ లేకుండా ఇల్లుండదు. గ్యాసు కొలిమి, ఏసీ కలిపి 14 వేలు అవుతుందనుకుంటే, మనం తూచవలసినది తేడా 16 వేలు మాత్రమే. మొత్తం చూసి భయపడేవాడు, నెల బిల్లు మాత్రమే చూసి మురిసేవాడు ఇద్దరూ సగం లెక్కే చూస్తున్నారు.

గ్యాసు లైను ఉన్న వీధిలో ఏడాదికి 1,000 డాలర్లు మిగులుతాయనుకుందాం. 16 వేల తేడా తిరిగి రావడానికి 16 ఏళ్లు. గ్యాసు లైను లేక, ట్యాంకరు ప్రొపేన్ కొనుక్కొనే చోట 2,000 మిగిలితే 8 ఏళ్లు. అదే యంత్రం, అదే ధర, కాని వీధి మారితే లెక్క మారింది.

ఇంకొక మాట. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఈ ఖర్చులో 30 శాతం ఆదాయపు పన్నులో తగ్గించేది. 30 వేల మీద 9 వేలు. అప్పుడు తేడా 7 వేలకు దిగి, గ్యాసు వీధిలో కూడా 7 ఏళ్లకే డబ్బు తిరిగి వచ్చేది. 2025 జులై 4న సంతకమైన చట్టంతో ఈ రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసిపోయింది. పాత కరపత్రం మీద లెక్క వేసుకుంటే 9 వేలు గాలిలో ఉన్నట్టే. జీవో తేదీ చూడకుండా మనం ఏ బిల్లూ పాసు చేయలేదు. పిల్లలకు కూడా ఆ అలవాటే చెప్పాలి.

రెండో పక్షం కూడా రాయాలి. నేలలోని గొట్టాలు 50 ఏళ్లకు పైగా ఉంటాయి. లోపలి యంత్రం 20 నుంచి 25 ఏళ్లు పనిచేస్తుంది. గ్యాసు కొలిమి, ఏసీ అంతకు ముందే మార్చవలసి రావచ్చు. కొత్త ఇంటికైతే నేల ఎట్లాగూ తవ్వి ఉంటుంది కనుక తరువాత పెట్టించడం కంటే ఇప్పుడే చవక. ఇవన్నీ ఆ ఏర్పాటుకు అనుకూలమైన ఎంట్రీలు.

ఇక మా ప్లాటు సంగతి. 16 వేల డాలర్లంటే, డాలరు 90 రూపాయల చొప్పున 14 లక్షల 40 వేలు. ప్లాటు అమ్మి ఆ సొమ్మును 7 శాతం వడ్డీకి ఇక్కడే వేసుకుంటే ఏడాదికి 1 లక్షా 800 రూపాయలు వస్తాయి. అదే సొమ్ము వానికి పంపితే వానికి మిగిలేది ఏడాదికి 1,000 డాలర్లు, అంటే 90 వేలు. పైగా ఇక్కడి డబ్బు ఏ రాత్రి ఆస్పత్రికి పరుగెత్తవలసి వచ్చినా చేతికి అందుతుంది. మిషిగన్ నేలలో పాతిన గొట్టం అందదు.

అదే తేడాను వాడు ఇంటి అప్పులో కలుపుకుంటే ఎట్లా ఉంటుందో కూడా చూశాను. 7 శాతం వడ్డీ మీద 30 ఏళ్లకు 16 వేల డాలర్లకు నెలకు సుమారు 106 డాలర్ల వాయిదా పడుతుంది. గ్యాసు వీధిలో నెలకు మిగిలేది 83. అంటే నెలకు 23 డాలర్లు చేతినుంచే పెట్టాలి. ప్రొపేన్ వీధిలో మిగిలేది 166. అప్పుడు వాయిదా పోను 60 డాలర్లు మిగులు. దీన్నుంచి నాకు తేలినది ఒక్కటే. లాభమైన పనికి బ్యాంకు అప్పు సరిపోతుంది, ప్లాటు అమ్మనక్కరలేదు. నష్టమైన పనికి ప్లాటు అమ్మనే కూడదు.

“మీ వీధిల గ్యాసు లైనున్నదా?” అని అడిగాను. ఉన్నదన్నాడు. లెక్క కాగితం ఫోటో తీయించి పంపాను. ముందు గోడలకు, పైకప్పుకు చలి రాకుండా చేసే పనికి ఖర్చు పెట్టమన్నాను. దానివల్ల ఏ యంత్రమైనా చిన్నదే సరిపోతుంది. వాడు కొంత చిన్నబోయినాడు. రెండురోజులు ఫోను రాలేదు. మూడోరోజు వాళ్ల అమ్మతో మాట్లాడుతూ, ఇంకో ఇద్దరి దగ్గర ఎస్టిమేటు తీసుకుంటున్నానని చెప్పినాడట.

ఇప్పుడు మన పరకాల ఇంటికి వద్దాం. ఇక్కడ వేడి కావలసినది స్నానం నీళ్లకే. నలుగురికి 100 లీటర్ల నీళ్లను 20 డిగ్రీలు పెంచడానికి, వృథా కలుపుకొని, గీజరుకు రెండున్నర యూనిట్లు పడతాయి. నెలకు 75 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే 525. సోలార్ వాటర్ హీటర్ 20 వేలకు వస్తుందనుకుందాం. చలికాలం 4 నెలలే వేడినీళ్లు వాడే ఇంట్లో ఏడాదికి మిగిలేది 2,100, అంటే ఖర్చు తిరిగి రావడానికి తొమ్మిదిన్నరేళ్లు. కీళ్లనొప్పులతో 9 నెలలు వేడినీళ్లు పోసుకొనే మనలాంటివారి ఇంట్లో మిగిలేది 4,725, నాలుగేళ్ల చిల్లరలో ఖర్చు తిరిగి వస్తుంది. మిషిగన్ లెక్కే ఇది. ఎంత ఎక్కువ వాడితే అంత త్వరగా గిట్టుతుంది.

మరి ఇక్కడ చల్లదనానికి నేలను వాడుకోలేమా? శాస్త్రం ఒప్పుకుంటుంది. 43 డిగ్రీల గాలిలోకి వేడిని తోయడం కంటే నేలలోకి తోయడం యంత్రానికి సులువు. కాని ఒక్క ఇంటి కోసం మన రాతి నేలలో బోర్లు దింపే ఖర్చును, పైకప్పుకు వేసే తెల్ల సున్నం ఖర్చుతో పోల్చి చూడండి. 2023లో మన రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా అందుకే. కరెంటు బిల్లు ఎక్కువగా వచ్చేవారికి 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో సోలార్ పలకలకు ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు అంతకు మించితే 78 వేలు సబ్సిడీ నిర్ణయించారు. దరఖాస్తుకు ముందు గడువు తేదీ మాత్రం సరిచూసుకోండి.

చివరి మాట. “డెబ్బై దాటినంక తొమ్మిదేండ్లకు తిరిగొచ్చే డబ్బు మనకెందుకు?” అని ఒక మిత్రుడు అడిగారు. న్యాయమైన ప్రశ్న. కమ్యూటేషన్ తీసుకున్న మనందరికీ పదిహేనేళ్లు లెక్కపెట్టుకోవడమంటే ఏమిటో తెలుసు. కాని ఇంటి బిల్లు కట్టేది మనమొక్కరమే కాదు. పూర్తి సర్వీసుకు మన పెన్షన్ చివరి జీతంలో 50 శాతం అయితే, మన తరువాత మన ఇంటావిడకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. మనకు వచ్చే ప్రతి 5 రూపాయలకు ఆమెకు 3. ఇల్లు మాత్రం అదే ఇల్లు, కరెంటు మీటరు అదే మీటరు. ఆ 3 రూపాయలలో ఇల్లు గడవాలి. అందుచేత కొత్త ఇల్లు కట్టినా, పాత ఇల్లు బాగుచేసినా, నెల ఖర్చును మన పెన్షన్‌తో కాక ఆ ఫ్యామిలీ పెన్షన్‌తో పోల్చి చూడండి. ఆ లెక్కలో నెగ్గిన ఖర్చు డెబ్బై అయిదో ఏట పెట్టినా దండుగ కాదు. నెగ్గనిది పిల్లలు అడిగినా, కంపెనీవారు ఇంటికొచ్చి బతిమాలినా వద్దనండి. ఆ కాగితం వేసేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోండి. మీటరు నంబరు, బ్యాంకు పుస్తకం, వారంటీ కార్డు ఎక్కడున్నాయో ఆమెకు తెలియాలి.