విడుదల కాగితం లేని విడుదల

(జులై 30, మనుషుల అక్రమ రవాణా వ్యతిరేక దినం సందర్భంగా యువజన సమావేశంలో మాట్లాడిన ప్రసంగ పాఠం. రాలేకపోయిన మిత్రుల కోసం ఇక్కడ పెడుతున్నాం. చదివి, మీ ఊళ్ళో నలుగురికి వినిపించండి.)



"మనుషుల అక్రమ రవాణా" అనే మాట వినగానే మీకు ఏం గుర్తొస్తుంది? సినిమాలో చూపించినట్టు లారీలో కుక్కేసిన ఆడపిల్లలు, కత్తులు పట్టుకున్న ముఠా గుర్తొస్తాయి. మన గూడేల్లోకి అది ఆ వేషంలో రాదు. తెలిసినవాడి ముఖంతో వస్తుంది. ఇంట్లో గింజలు అయిపోయిన నెల చూసుకుని మేస్త్రీ వస్తాడు. చేతిలో అడ్వాన్సు పెడతాడు. "ఆరు నెలలు బట్టీలో చేసి రండి, అప్పు తీరిపోద్ది" అంటాడు. ఇంకొకరు వచ్చి "పిల్లని పట్నంలో మంచి ఇంట్లో పెడతా, పనీ నేర్చుకుంటది, చదువుకుంటది" అంటారు. మనం దాన్ని వలస అనుకుంటాం. పోలీసులూ వలస అనే రాసుకుంటారు. అక్కడే నేరం మాయమైపోతుంది.

2025 మే నెలలో బయటపడ్డ ఒక కేసు చెప్తాను. తిరుపతి జిల్లాలో ఒక యానాది కుటుంబం. బాతులు మేపే యజమాని దగ్గర పాతిక వేలు అప్పు చేసి, భార్యాభర్తలు, పిల్లలు అందరూ ఆయన దగ్గరే పనిచేశారు. భర్త చనిపోయాడు. అయినా అప్పు చావలేదు. వదిలేయమని తల్లి అడిగితే వడ్డీతో కలిపి 45 వేలు కట్టమన్నారు. డబ్బు తెచ్చేదాకా ఒక కొడుకుని తాకట్టుగా ఉంచి పొమ్మన్నారు. ఆమె డబ్బు సమకూర్చుకుని పిల్లాడి కోసం వెళ్తే ఏవేవో మాటలు చెప్పి తిప్పారు. చివరికి తమిళనాడులో కాంచీపురం దగ్గర పాలారు ఒడ్డున ఆ తొమ్మిదేళ్ల పిల్లాడి శవాన్ని తవ్వి తీయాల్సి వచ్చింది.

ఒక గిరిజన బిడ్డని పాతిక వేల అప్పు కింద తాకట్టు పెట్టించుకున్నారు. ఇది జరిగింది ఏ నైజాం కాలంలోనో కాదు. వెట్టి రద్దయి 49 ఏళ్లయ్యాక.

మరి ప్రభుత్వం ఏమీ చెయ్యలేదా అంటే, చట్టాలకైతే కొదవ లేదు. వాటిని మీరు తెలుసుకోవాలి. ఎందుకంటే అధికారి ముందు నిలబడినప్పుడు మనకి ఉపయోగపడేది ఆవేశం కన్నా సెక్షన్ నంబరే.

రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్ని, వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. దాని ప్రకారం వెట్టి అప్పు అన్నది రద్దయిపోయినట్టే. దాన్ని వసూలు చేయడమే నేరం. అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత కూడా యజమానిదే, మనది కాదు. 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకి ఎవరైనా పనిచేస్తున్నారంటే అది బలవంతపు చాకిరీయే అని. ఆకలి కూడా ఒక బలవంతమే అని. గొలుసులు ఉండక్కర్లేదు, కాపలా కుక్కలు ఉండక్కర్లేదు.

2013లో నిర్భయ ఘటన తర్వాత, జస్టిస్ వర్మ కమిటీ సిఫార్సుల మీద, ఐపీసీ 370 సెక్షన్ని మార్చారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్. మోసం చేసి, ఆశ చూపి, బెదిరించి, అధికారాన్ని వాడి మనిషిని దోపిడీ కోసం తరలిస్తే ఏడు నుంచి పదేళ్ల శిక్ష. పిల్లల్ని తరలిస్తే పదేళ్ల నుంచి యావజ్జీవం. పోలీసు గానీ ప్రభుత్వ ఉద్యోగి గానీ ఇందులో ఉంటే బతికినంత కాలం జైలే. ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన ముక్క ఒకటుంది: బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదు. "వాళ్ళు ఇష్టపడే పోయారు కదా" అని ఎస్సై గారు అంటే, చట్టం ఆ ప్రశ్నే అడగట్లేదని మీరు చెప్పాలి.

కానీ స్టేషన్లో ఏం జరుగుతుంది? అదే న్యాయ సంహితలో 146వ సెక్షన్ ఉంది. చట్టవిరుద్ధంగా బలవంతపు చాకిరీ చేయిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 143 పెట్టాల్సిన చోట 146 పెడితే కేసు ఎంత చిన్నదైపోతుందో మీరే చూడండి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఆదివాసీ చేత వెట్టి చేయించడం విడిగా నేరం, 3(1)(హెచ్). ఆ సెక్షన్ పెడితే ఎఫ్ఐఆర్ దశ నుంచే పరిహారం మొదలవ్వాలి. కాబట్టి ఎఫ్ఐఆర్ కాపీ చేతికి రాగానే మొదట చూడాల్సింది ఏ సెక్షన్లు పెట్టారు, ఏవి వదిలేశారు అని. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. ఏ స్టేషన్లో అయినా తీసుకోవాలి.

ఇక రక్షించిన తర్వాత సంగతి. నా అభిప్రాయంలో అసలు సమస్య ఇక్కడే ఉంది.

రెస్క్యూ రోజు హడావుడి ఉంటుంది. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి. ఇంతమంది పిల్లల్ని కాపాడామని పేపర్లో వస్తుంది. మంచిదే, ఆ పని చేసే కానిస్టేబుళ్ళని, బాలల సంక్షేమ సమితి వాళ్ళని తక్కువ చేయను. ప్రతి జిల్లాలో అక్రమ రవాణా నిరోధక విభాగం కోసం 2020లో కేంద్రం నిర్భయ నిధి నుంచి డబ్బు కూడా ఇచ్చింది. కానీ బట్టీ నుంచి బయటికి తెచ్చిన కుటుంబాన్ని బస్సెక్కించి ఊరికి పంపేస్తే అక్కడితో అయిపోయిందా? ఇంటికొచ్చాక ఆ మనిషికి మిగిలేదేంటి? అదే ఖాళీ కుండ, అదే మేస్త్రీ.

దీనికి 2016లో కేంద్రం ఒక పునరావాస పథకం తెచ్చింది. వెట్టి నుంచి విడిపించిన మగవాళ్ళకి లక్ష, ఆడవాళ్ళకి, పిల్లలకి రెండు లక్షలు. లైంగిక దోపిడీ నుంచో, అక్రమ రవాణా నుంచో బయటపడ్డ స్త్రీలకి, పిల్లలకి, ట్రాన్స్ వ్యక్తులకి, వికలాంగులకి మూడు లక్షలు. వెంటనే ఖర్చులకి ఇచ్చే తక్షణ సాయం మొదట 20 వేల దాకా ఉండేది, 2022లో 30 వేల దాకా పెంచారు. ఇళ్ల స్థలం, భూమి, రేషన్, పిల్లల చదువు లాంటివి డబ్బుతో సంబంధం లేకుండా విడిగా ఇవ్వాలి. జిల్లా కలెక్టర్ దగ్గర కనీసం పది లక్షల నిధి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

వీటన్నిటికీ తాళం చెవి ఒకే కాగితం. దాని పేరు విడుదల ధ్రువపత్రం, రిలీజ్ సర్టిఫికెట్. ఆ మనిషి వెట్టిలో ఉన్నాడు, ఇప్పుడు విముక్తుడు, అతని అప్పు రద్దయింది అని ఆర్డీఓ గానీ సబ్ కలెక్టర్ గానీ సంతకం పెట్టి ఇచ్చేది. అది లేకపోతే మీరు వెట్టి బాధితులు కారు, పని మానేసి వచ్చిన కూలీలు మాత్రమే. అందుకే దాన్ని ఇవ్వడానికి జంకుతారు. ఇస్తే తమ డివిజన్లో వెట్టి ఉందని ఒప్పుకున్నట్టు కదా! "వేతన వివాదం" అని రాసి పంపేస్తారు. పొరుగు రాష్ట్రంలో విడిపిస్తే ఇంకా కష్టం. కాగితం అక్కడ పుట్టాలి, సాయం ఇక్కడ అందాలి. రెండు కలెక్టరేట్ల మధ్య ఫైలు తిరుగుతుంటే కుటుంబం మళ్ళీ అడ్వాన్సు తీసుకుంటుంది. పూర్తి డబ్బుని కోర్టు ప్రక్రియతో ముడిపెట్టడం ఇంకో ఉచ్చు. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, ఆకలి అంతవరకు ఆగదు.

2016లోనే, మన తెలుగాయన బండారు దత్తాత్రేయ గారు కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు, 2030 నాటికి 1.84 కోట్ల మంది వెట్టి కార్మికులను గుర్తించి విడిపిస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. 1978 నుంచి ఇప్పటిదాకా దేశమంతటా విడుదలైనవాళ్ళు మూడు లక్షల చిల్లర. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఇంకేం వివరించక్కర్లేదు.

మనం ఇంకో విషయం కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. మనవాళ్ళు మాత్రమే బాధితులు కాదు. ఒడిశా బలంగీర్, నువాపడా నుంచి ప్రతి ఏడాది వేలమంది ఆదివాసీలు, దళితులు తెలంగాణ ఇటుక బట్టీలకి వస్తారు. మన ఊరి చివరే ఉంటారు. 2013 డిసెంబర్లో అక్కడి ఇద్దరు కూలీలు కాంట్రాక్టర్ చెప్పిన చోటికి రామన్నందుకు వాళ్ళ కుడిచేతులు నరికేశారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. వాళ్ళ భాష మనకి రాకపోవచ్చు, వాళ్ళ అడ్వాన్సు మనకి తెలుసు. మీ ఊరి బట్టీలో వాళ్ళ పిల్లలు ఇటుకలు తిరగేస్తుంటే చూసీ చూడనట్టు పోకండి.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. పట్నంలో వ్యభిచార గృహాల నుంచి విడిపించిన వాళ్ళని హోముల్లో పెడతారు. భద్రత పేరుతో పెద్దవాళ్ళైన స్త్రీలని కూడా వాళ్ళ ఇష్టంతో పని లేకుండా నెలలు, ఏళ్లు ఉంచేస్తారు. అలా ఇష్టం లేకుండా ఉంచినవాళ్ళని గుర్తించి వదలాలని 2022 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. ఇక ఇంటికొచ్చిన పిల్ల గురించి మన గూడెంలో మనమే గుసగుసలాడితే, దళారి మొదలెట్టిన పనిని మనం పూర్తి చేసినట్టే. ఆ పిల్లకి మన దగ్గర చోటు ఉండాలి. అది ప్రభుత్వం ఇచ్చేది కాదు.

మరి మనం ఏం చెయ్యగలం? నాలుగు పనులు చెప్తాను.

మొదటిది. 1976 చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో, ప్రతి డివిజన్లో విజిలెన్స్ కమిటీ ఉండాలి. అందులో స్థానికంగా నివసించే ఎస్సీ ఎస్టీలు ముగ్గురు సభ్యులుగా ఉండాలి. ఆ ముగ్గురు ఎవరు? ఎప్పుడు కూర్చున్నారు? మినిట్స్ ఏవి? ఈ మూడు ప్రశ్నలతో మీ ఆర్డీఓ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కమిటీ లేకపోతే వేయమని, ఉంటే ఖాళీల్లో మన పేర్లు పెట్టమని అడగండి. పది రూపాయల పని.

రెండోది. గ్రామసభలో ఒక నోటుబుక్ పెట్టండి. ఊరు దాటి పనికి పోయేవాళ్ళ పేర్లు, తీసుకెళ్ళే మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, చోటు, తీసుకున్న అడ్వాన్సు, తిరిగొచ్చే నెల రాయండి. పోవద్దని ఆపడానికి కాదు, పోయే హక్కు అందరికీ ఉంది. మనిషి ఎక్కడున్నాడో ఊరికి తెలియాలి. ఎస్టీలకి ఇచ్చే అప్పుల మీద అదుపు ఉంచే అధికారం 1996 పెసా చట్టం మన గ్రామసభలకి, పంచాయతీలకి ఇచ్చింది. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సుని ఆ చట్టం కింద చర్చకి పెట్టండి.

మూడోది. నంబర్లు గోడ మీద రాయండి. పిల్లలకి 1098, స్త్రీలకి 181, అత్యవసరానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఎస్టీలకి, అక్రమ రవాణా బాధితులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 చట్టం చెప్తుంది.

నాలుగోది. ఎవరైనా విడుదలై వస్తే, మొదటి రోజే రిలీజ్ సర్టిఫికెట్ ఉందా అని అడగండి. లేకపోతే ఆ కుటుంబంతో పాటు మీరూ సబ్ కలెక్టర్ ఆఫీసుకి నడవండి. చేతికి వచ్చేదాకా వాళ్ళని ఒంటరిగా పంపకండి.

1922లో గూడెం కొండల్లో డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి మన తాతల చేత వెట్టి చేయించినప్పుడు, అల్లూరి వెనక మన్యం నిలబడింది. అప్పుడు వాళ్ళ చేతిలో చట్టం లేదు. ఇప్పుడు మన చేతిలో ఉంది, అమలు చేసేవాళ్ళు మాత్రం మనం అడిగేదాకా కదలరు. ఈ వారంలోనే ఆ సమాచార హక్కు దరఖాస్తు రాయండి. జవాబు వచ్చాక ఇక్కడ పెట్టండి, అన్ని డివిజన్లవీ కలిపి కలెక్టర్ దగ్గరికి పోదాం.

జై ఆదివాసీ.