అయస్కాంత తరంగములతో గణనము
(మన సంఘపు వారపు గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



గణనయంత్రము పనిచేయుకొలది వేడెక్కుట మీరెల్లరును ఎరిగినదే. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారము 2024లో ప్రపంచమందలి డేటా కేంద్రములు సుమారు 415 టెరావాట్ గంటల విద్యుత్తును వినియోగించినవి. అది ప్రపంచ విద్యుద్వినియోగమున ఇంచుమించు నూటికి ఒకటిన్నర వంతు. ఈ వ్యయమును తగ్గించుటకు భౌతికశాస్త్రజ్ఞులు వెదకుచున్న ఒక త్రోవను గూర్చి నేడు మనవి చేయదలచితిమి.

తీగలో విద్యుత్తు ప్రవహించుట యనగా ఎలక్ట్రానులు కదలుట. అవి దారిలో తగులుకొనుచు పోవుటచే వేడి పుట్టును. ఎలక్ట్రానులను కదల్పకయే వార్త నంపరాదా? అంపవచ్చును. గాలి వీచునపుడు వరిచేనిని చూడుడు. ప్రతి వెన్నును తన చోటనే వంగి లేచును. అల మాత్రము ఈ గట్టునుండి ఆ గట్టునకు పోవును. ప్రతి ఎలక్ట్రానును ఒక చిన్న అయస్కాంతము వంటిది. అయస్కాంత పదార్థమున అవి వరుసగా ఊగుటచే పోవు అలయే స్పిన్ తరంగము. ఈ భావనను 1930లో ఫెలిక్స్ బ్లాక్ ప్రతిపాదించెను. ఇట్రియము, ఇనుము కలిసిన ఒక గార్నెట్ స్ఫటికమున ఈ అల త్వరగా అణగదు. ఆ స్ఫటికము విద్యున్నిరోధకము. కావున అందు విద్యుత్ప్రవాహపు వేడియు లేదు.

ఈ అల లెక్క చేయగలదా? జర్మనీలోని కైజర్‌స్లాటర్న్, ఆస్ట్రియాలోని వియన్నా విశ్వవిద్యాలయముల పరిశోధకులు, చీ వాంగ్ అను యువ భౌతికశాస్త్రజ్ఞుడు ప్రథమ రచయితగా, 2020లో ఒక సాధనమును ప్రకటించిరి. 350 నానోమీటర్ల వెడల్పుగల రెండు గార్నెట్ పట్టీలు ప్రక్కప్రక్కన నుండును. ఆ వెడల్పు తలవెంట్రుక మందమున సుమారు రెండువందలవ వంతు. అల బలమును బట్టి అది వెలువడు ద్వారము మారును. ఇట్టివి రెండు కూర్చినచో, ఒక్క అల వచ్చినపుడు మొత్తపు ద్వారమునను, రెండలలు కలిసి వచ్చినపుడు మనము కూడికలో చేత నుంచుకొను అంకె ద్వారమునను ఫలితము వెలువడును. సాధనమును ప్రయోగముచే చూపిరి. పూర్తి కూడిక యంత్రమును మాత్రము కంప్యూటరు నమూనాచే పరీక్షించిరి.

ఇక చిక్కు వినుడు. విద్యుత్తును అలగా మార్చుటకును, అలను మరల విద్యుత్తుగా మార్చుటకును శక్తి వ్యయమగును. పొరుగూర ధాన్యము చౌకయని పోయి, మిగిలిన సొమ్మంతయు బండి కిరాయికి చెల్లించినచో లాభమేమి? కనుక నడిమి దారిలో మిగిలిన శక్తిని మాత్రమే చెప్పి పొదుపు అనుట తగదు. రెండు కొసల వ్యయమును చేర్చి లెక్క తేల్చినపుడే అది పొదుపు. స్విట్జర్లాండులోని లోజాన్ పరిశోధకులు 2023లో స్పిన్ తరంగముతోనే సూక్ష్మ అయస్కాంతముల దిశను మార్చి చూపిరి. గణించినచోటనే ఫలితమును భద్రపరుపగలిగినచో ఈ రాకపోకలు కొంత తగ్గును.

మన యిండ్లలో భౌతికశాస్త్రము చదువు యువతీయువకులకు మా మనవి యొక్కటే. యంత్రమెంత వేగమని అడుగుటతో తృప్తి చెందక, ఒక్కొక్క లెక్కకు ఎంత శక్తి వ్యయమగుచున్నదని అడుగుడు. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము నిచ్చువారే రేపటి యంత్రమును నిర్మింతురు.