మీ ఇంటికి పిట్టగోడ ఉన్నదా?
(రేడియో ప్రసంగ పాఠము)



ఈ దినము ఒక తండ్రి అడిగిన ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను. ఆయనది కొల్లేటికోట. కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేసుకుంటూ, అక్కడి లైసెన్సుతో జింకల వేటకు వెళ్తున్నాడు. తన రైఫిలుకు కంపెనీ ఇచ్చిన ట్రిగ్గరు తీసివేసి, బయట దొరికే తేలికైన ట్రిగ్గరు బిగించాలని అతని కోరిక. “నాన్నా, మన తాతగారి తుపాకీ ట్రిగ్గరు కూడా గట్టిగా ఉంది కదా, ఎవరిచేతనైనా అరగదీయించు” అని ఫోనులో చెప్పాడట. “అయ్యగారూ, ఇది చేయవచ్చునా?” అని ఆ తండ్రి అడుగుతున్నాడు.

ముందు ట్రిగ్గరు సంగతి తెలుసుకుందాము. తూటాను కొట్టే సూది స్ప్రింగు బలముతో దూకడానికి సిద్ధముగా ఉంటుంది. చిన్న ఉక్కు కొక్కెము దానిని ఆపి ఉంచుతుంది. ట్రిగ్గరు లాగితే ఆ కొక్కెము తప్పుకుంటుంది, తూటా పేలుతుంది. కొన్ని రైఫిళ్లకు ట్రిగ్గరు లాగడానికి 6, 7 పౌన్ల బలము, అంటే సుమారు 3 కిలోలు కావాలి. రైఫిలు బరువే దాదాపు అంత ఉంటుంది! అంత గట్టిగా లాగితే తుపాకీ కదులుతుంది, గురి తప్పుతుంది. జింక గాయముతో పారిపోయి, ఏ పొదలోనో బాధపడి చస్తుంది. అందుకే చాలామంది వేటగాళ్లు 3 పౌన్లకు అటు ఇటుగా లాగుడు ఉన్న ట్రిగ్గరు పెట్టించుకుంటారు. కాబట్టి ఆ కుమారుని కోరికలో న్యాయము లేకపోలేదు.

అయితే ప్రియులారా, ఆ కొక్కెము జారితే ఏమవుతుంది? 2000వ సంవత్సరములో అమెరికాలోని మోంటానాలో ఒక తల్లి వేట ముగించుకొని, రెమింగ్టన్ 700 రైఫిలులోని తూటాలు తీయడానికి సేఫ్టీని వదిలింది. ట్రిగ్గరు ముట్టుకోకుండానే అది పేలిందని ఆ కుటుంబము చెప్పింది. ఆమె 9 ఏళ్ల కుమారుడు చనిపోయాడు. అది బయట కొన్న ట్రిగ్గరు కాదు, కంపెనీ ట్రిగ్గరే. లోపము లేదని కంపెనీ వాదించింది. అయినను లక్షలాది రైఫిళ్లకు ఉచితముగా ట్రిగ్గర్లు మార్చే ఒప్పందమును 2017లో కోర్టు ఆమోదించింది.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము తెరిచి చూడండి. క్రొత్త ఇల్లు కట్టేవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని, లేకపోతే పడినవాని రక్తాపరాధము ఆ ఇంటి మీదికి వస్తుందని మోషే చెబుతున్నాడు. డాబా తప్పు కాదు. పిట్టగోడ లేని డాబా తప్పు.

ఆ కుమారుడు కట్టవలసిన పిట్టగోడ ఏది? ట్రిగ్గరును పని నేర్చిన వానిచేతనే బిగించాలి. తరువాత తుపాకీ ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసి, బోల్టు విసురుగా మూయాలి, మడమను రబ్బరు సుత్తితో తట్టాలి, సేఫ్టీని వేసి తీయాలి. ట్రిగ్గరు లాగకుండా సూది ఒక్కసారి పడినా అది వాడదగినది కాదు. చలిలో మందపాటి తొడుగు వేసుకున్న వ్రేలికి తేలికైన ట్రిగ్గరు తెలియను కూడా తెలియదు. గురి నిలిచేవరకు వ్రేలు బయటనే ఉండాలి. ట్రిగ్గరులో తగ్గించిన బరువును మనిషి తన మనస్సు మీద మోయాలి.

ఇక తాతగారి తుపాకీ సంగతి. తండ్రీ, దానిని అరగదీయించవద్దు. అనేక తుపాకుల్లో ఆ కొక్కెమునకు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది. ఆకురాయి ఆ పొరను తినివేస్తే, లోపలి మెత్తని ఇనుము త్వరగా అరిగి పట్టు తప్పుతుంది. అంతేకాదు, 1959 ఆయుధ చట్టము ప్రకారము అందుకు లైసెన్సు లేనివాడు తుపాకీని మరమ్మతు చేయడమే నేరము.

దేని మీద గురిపెట్టడానికి ఆ ట్రిగ్గరు? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశములో వేటను నిషేధించింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. ఆటపాకలో గూడబాతులు మన కళ్లయెదుటే పిల్లలను పెంచుతున్నాయి. తుపాకీయే కాదు, వలయైనా, ఉచ్చయినా, విషమైనా ఆ చట్టము దృష్టిలో వేటయే. పిట్టగోడ మాట చెప్పిన ఆ అధ్యాయములోనే, దానికి సరిగా ముందు వచనాలలో, గూటిలో పిల్లల మీద ఉన్న తల్లిపక్షిని పట్టవద్దని మోషే చెప్పాడు. పక్షి ప్రాణమును, పొరుగువాని ప్రాణమును దేవుడు ప్రక్కప్రక్కనే ఉంచాడు.

ప్రియ సహోదరుడా, నీ ఇంట లైసెన్సు తుపాకీ ఉన్నదా? ఈ రాత్రే చూడు. తూటాలు తీసి వేరొక పెట్టెలో పెట్టి తాళము వేయి. తాళపుచెవి పిల్లలకు అందనీయకు. నీవు కట్టవలసిన పిట్టగోడ అదే.

దేవుడు మీ ఇండ్లను కాపాడి దీవించును గాక. ఆమేన్.