పల్లవి తెలిస్తే పాట తెలిసినట్టేనా?

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ఆలూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీన మనం కలుసుకున్నప్పుడల్లా 1982లో సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలుచుకుంటాము. పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని చెప్పిన తీర్పు అది. కరువుభత్యం గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మన కార్యదర్శిగారు విపులంగా చెప్పారు. నాకు మాత్రం "అరవైల నాటి సినిమా పాటలు" అనే అంశం ఇచ్చి, పది నిమిషాలు మాట్లాడమన్నారు. లెక్కలు విని విని అలసినవారికి కాస్త ఉల్లాసం కలిగించమని వారి ఉద్దేశం. ఉల్లాసంతోనే మొదలుపెడతాను. చివరకు నా తప్పు ఒకటి ఒప్పుకోవలసి ఉంది. దానికి మన్నించాలి.

ఇందాక జరిగిన పోటీ చూశారు కదా. తొలి రెండు మాటలు చెబితే పాట ఏ చిత్రంలోదో చెప్పాలి. ఇరవై పాటలు అడిగితే పందొమ్మిదింటికి చేతులు లేచాయి. మందుల డబ్బా ఎక్కడ పెట్టామో గుర్తుండని మనకు, అరవై ఏండ్ల కిందటి పాట రెండు మాటలకే తట్టింది. చప్పట్లు కొట్టుకున్నాము. తరువాత ఆ అమ్మాయి "ఇప్పుడు రెండో చరణం ఎవరైనా పాడండి" అన్నది. సభ అంతా నిశ్శబ్దం. చిట్టచివరి వరుసలోంచి ఒక్క పెద్దమ్మగారు మాత్రం మెల్లగా అందుకున్నారు. ఆ నిశ్శబ్దం గురించే నేను మాట్లాడదలచుకున్నాను.

ముందుగా, ఈ తొలి మాటలు మనకింత గట్టిగా ఎలా అబ్బాయో చూద్దాం. నేను పుట్టింది 1950లో. అప్పటికి మన ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలోది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. అందుచేత మన చెవులకు రెండు భాషల పాటలూ అలవాటే. ధార్వాడ కేంద్రం పెడితే కన్నడంలో రాజ్‌కుమార్‌కు పాడిన పి.బి. శ్రీనివాస్‌గారి గొంతే, తెలుగు పెడితే "ప్రేమించి చూడు" (1965) పాటల్లో వినిపించేది. కడప ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. అంతకుముందు, ఆ తరువాత కూడా, రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురైగారి గొంతు కోసం కాచుకొని కూర్చునేవాళ్ళం. సముద్రం అవతలి నుంచి వచ్చే పాట గాలిని బట్టి పోతూ వస్తూ ఉండేది. చాలాసార్లు పల్లవి వినిపించి, చరణం దగ్గరకు వచ్చేసరికి గురగుర మని ఆగిపోయేది. మనకు పల్లవులే మిగలడానికి అది మొదటి కారణం.

రెండోది మైకుసెట్టు. పెండ్లికిగానీ జాతరకుగానీ మైకు కట్టారంటే 78 చుట్ల రికార్డులు వేసేవారు. ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు. ముల్లు అరిగిపోయి అక్కడక్కడే తిరిగితే, మనం కూడా ఆ మాటల దగ్గరే తిరిగేవాళ్ళం. టూరింగు టాకీసులో ఘంటసాలగారి వెంకటేశ్వరస్వామి పాట వేశారంటే ఆట మొదలవుతుందని గుర్తు. పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా ఆ తొలి మాట వినగానే పరుగున వచ్చేవారు.

మూడోది పాటల పుస్తకం. పది పదిహేను పైసలు పెడితే హాలు దగ్గర దొరికేది. కథ సగం చెప్పి, "మిగతా వెండితెరపై చూడండి" అని ఆపేసేవారు. ఆ పైసలూ లేనివాళ్ళం పక్కవాడి భుజం మీదుగా చదువుకునేవాళ్ళం. అతడు పేజీ తిప్పేలోగా చదవగలిగింది పల్లవి ఒక్కటే.

ఇక పాటలు మొదలయ్యే తీరు అన్నీ ఒక్కటి కాదు. ఈ సంచికలో పల్లవులు అచ్చు వేయటం లేదు. అచ్చులో రాగం రాదు కదా. గుర్తులు మాత్రం చెబుతాను, చదువుతూ మీరే పాడుకోండి.

కొన్ని నేరుగా పల్లవితోనే మొదలవుతాయి. "గుండమ్మ కథ" (1962)లో రామారావుగారు పిండి రుబ్బుతూ పాడే పాట అటువంటిది. రుబ్బురోలు పాట అంటే చాలు, మన ఇండ్లలో ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. రచన పింగళి నాగేంద్రరావుగారు, సంగీతం ఘంటసాల.

కొన్ని సాకితో మొదలవుతాయి. సాకి అంటే పల్లవికి ముందు, తాళం లేకుండా నిదానంగా తీసే మాటలు. పోటీల్లో గొడవలన్నీ ఇక్కడే. "మంచి మనసులు" (1962)లో శిల్పాల పాట తీసుకోండి. అది శ్రీకృష్ణదేవరాయలను సంబోధించే సాకితో ఎత్తుకొని, ఆ తరువాత పల్లవిలోకి వస్తుంది. తొలి మాట అంటే రాయలను పిలిచిన మాటా, శిల్పాల మాటా? ఇందాక ఇద్దరు పెద్దలు దీనిమీదే వాదులాడుకున్నారు. ఇద్దరికీ మార్కు వేయమని నా మనవి. బళ్ళారి దాటితే హంపీ. అక్కడి రాళ్ళను కళ్ళారా చూసినవాళ్ళం కాబట్టి, ఆ పాట మనకు ఇంకా దగ్గర.

కొన్ని ఆలాపనతోనే దొరికిపోతాయి. "జగదేకవీరుని కథ" (1961)లో పెండ్యాలగారు దర్బారీ కానడలో కట్టిన పాటకు మాట అవసరమే లేదు. తెరమీద అయిదుగురు రామారావులు కనిపించే పాట అంటే చిన్నపిల్లలు కూడా చెబుతారు.

ఇంకొన్నింటిని ఊహతోనే పట్టుకున్నాము. మన వేదావతిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కదా కనిపించేది. పడవ అనేది నేను మొదట చూసింది "మూగ మనసులు" (1964)లోనే. గోదావరి మీద ఆ పాట వింటూ, మా నాయన ఎండిన చేను గట్టున కూర్చొని "ఎన్ని నీళ్ళురా!" అన్న మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం. పాట పేరు ఆయనకు తెలియదు. నీళ్ళు మాత్రం కనిపించాయి.

సరే. ఇప్పుడు నేను చెప్పవలసిన సంగతికి వస్తాను.

నేను 1972లో గుమాస్తాగా చేరాను. ఆఫీసు పేరు, ఊరు పేరు వద్దు. అక్కడ ఒక అటెండరు ఉండేవారు. వయసులో నాకన్నా పదిహేడేండ్లు పెద్ద. అయినా నేను ఆయనను "నువ్వు" అనేవాణ్ణి, ఆయన నన్ను "మీరు" అనేవారు. అప్పటి ఆఫీసు మర్యాద అది. ఆయనకు సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. కానీ రేడియోలో విన్న ప్రతి పాటకూ చిత్రం, రచన, సంగీతం, గానం నాలుగూ చెప్పేవారు. మధ్యాహ్నం పూట నేను ఫైలు ఆయన చేతికిస్తూ రెండు మాటలు అనేవాణ్ణి. ఆయన ఫైలు తీసుకొని నడుస్తూ నడుస్తూ పాట మొత్తం ముగించేవారు. నేను మళ్ళీ ఇంకో రెండు మాటలు వెతుక్కోవలసి వచ్చేది.

ఒకరోజు నవ్వుతూ అన్నారు: "సార్, మీకు తలకాయలు తెలుసు, ఒళ్ళు తెలీదు. పల్లవి అందరికీ వస్తాది. చరణం పాడేకి వస్తాదా మీకు?"

నాకు రోషం వచ్చింది. "వెలుగు నీడలు" (1961)లో శ్రీశ్రీగారి దేశభక్తి పాట అడిగాను. పెండ్యాలగారి సంగీతం. ఆగస్టు 15న ప్రతి బడిలో, ప్రతి ఆఫీసులో మైకులో వచ్చే పాట. అది నాకు పూర్తిగా వచ్చనే అనుకున్నాను. పల్లవి పాడి ఆగిపోయాను. ఆయన అందుకొని చరణాలు పాడారు. నేను నివ్వెరపోయాను. విజయం వచ్చిందని ఆడిపాడమనే పాట అనుకున్నది, చరణంలోకి వచ్చేసరికి సభలు చేసి సంబరపడితే చాలదంటుంది. మింటికెక్కిన ధరలను, ఉద్యోగం లేని కుర్రవాళ్ళను, లంచాన్ని, అయినవారికి పీట వేయటాన్ని, దొంగ వ్యాపారాన్ని పేరుపెట్టి అడుగుతుంది. మనం పదిహేనేండ్లుగా దాని తలకాయకు దండ వేసి, ఒళ్ళును గడప బయట ఉంచాము.

ఇది 1976 ఆగస్టు సంగతి. ఎమర్జెన్సీ రోజులు. జెండా పండుగ అయిన మరునాడు నేనే "ఏమప్పా, ఆ చరణం ఇంకొకసారి పాడు, రాసుకుంటాను" అన్నాను. ఆయన నా బల్ల పక్కన నిలబడి పాడారు. లంచం మాట వచ్చేసరికి అధికారి గదిలోంచి బయటకు వచ్చారు. తననే ఎత్తిపొడుస్తున్నారనుకున్నారు. "ఎవరు పాడమన్నారు?" అని గట్టిగా అడిగారు.

ఆయన నావైపు చూడలేదు. నేను తల వంచి రిజిస్టరులో ఏదో రాస్తున్నట్టు నటించాను. పెండ్లయి ఏడాది కూడా కాలేదు. ప్రొబేషను పూర్తి కాలేదు. ఈ కారణాలు ఆ రోజు నాకు చాలా పెద్దవిగా కనిపించాయి.

సాయంత్రానికి మెమో ఇవ్వమని ఉత్తర్వు. ఎస్టాబ్లిష్‌మెంటు సీటు నాది. కాబట్టి మెమో నేనే రాశాను. చదువురాని ఆయనకు దాని వివరణ రాసిపెట్టవలసింది కూడా నేనే. "ఇకమీదట కార్యాలయంలో పాడను, క్షమించగలరు" అని రాసి చేతికిచ్చాను. ఆయన చదవలేరు కాబట్టి చదివి వినిపించాను. "బాగుంది సార్" అని సంతకం పెట్టారు. నెల తిరక్కుండా అరవై కిలోమీటర్ల దూరానికి బదిలీ అయ్యారు. ఇంట్లో ముసలి తల్లి ఉందని తెలిసి కూడా బదిలీ కాగితం ఫెయిర్ కాపీ చేసింది ఈ చేయే.

1993లో ఆయన పదవీ విరమణ కాగితాలు, నేను పనిచేస్తున్న మరో కార్యాలయానికి వచ్చాయి. సర్వీసు రిజిస్టరులో ఆ మెమో నమోదు ఉంది, నా చేతిరాతతోనే. పెన్షను ప్రతిపాదనలు ఒక్కరోజు కూడా ఆలస్యం కాకుండా పంపాను. అది నా డ్యూటీ, ఉపకారం కాదు. సంతకాలకు వచ్చినప్పుడు, జరిగినది ఎత్తుదామని నోరు తెరిచాను. ఆయనే ముందు నవ్వి, "సార్, ఇప్పుడన్నా ఆ చరణం వచ్చిందా?" అన్నారు. రాలేదన్నాను. "నేర్చుకోండి సార్, మంచిది" అని వెళ్ళిపోయారు. మన్నించమని అడగాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. తరువాత కొన్నేండ్లకు ఆయన కాలం చేశారని విన్నాను.

సోదరులారా, మన ఉద్యోగాల్లో ఫైలుకు "విషయము" అని పైన ఒక పంక్తి రాసేవాళ్ళం. ఆ పంక్తి మాత్రమే చూసి సంతకం పెట్టేసిన అధికారులను మనం చూసి నవ్వుకున్నాము. పాటల విషయంలో మనం చేసిందీ అదే. మనుషుల విషయంలో కూడా అదే చేశామేమోనని ఈ వయసులో నాకు అనిపిస్తున్నది. అటెండరు, స్వీపరు, వాచ్‌మన్ అనే తొలి మాట చదివి, తక్కినది చదవకుండానే మూసేశాము.

ఇప్పుడు మనకు అడగడానికి సౌకర్యాలు ఎక్కువ. ఫోనులో రెండు మాటలు చెబితే పాట మొత్తం వినిపిస్తుంది. మనవలు ముందు మ్యూజిక్కు వినిపించగానే పేరు చెప్పే యంత్రం చూపిస్తున్నారు. గుర్తుపట్టడం ఇక గొప్ప పని కాదు. చివరివరకూ వినడమే ఇప్పుడు చేయవలసిన పని.

అందుచేత సంఘానికి మూడు మనవులు చేస్తున్నాను. వచ్చే ఏడాది పోటీలో పల్లవికి ఒక మార్కు, చరణానికి మూడు మార్కులు పెట్టండి. రెండవది, మన సభల్లో నాలుగో తరగతి ఉద్యోగులు, కుటుంబ పెన్షనర్లు ఎప్పుడూ వెనక వరుసల్లోనే కూర్చుంటున్నారు. వారిని ముందు కూర్చోబెట్టండి. ఇందాక చరణం అందుకున్న పెద్దమ్మగారు ఏ వరుసలో ఉన్నారో మీరే చూశారు. మూడవది, ఎవరికి ఏ పాట పూర్తిగా వస్తుందో వారి దగ్గర కూర్చొని విని, రికార్డు చేసి, పాడినవారి పేరు కూడా రాసి మన సంఘ కార్యాలయంలో ఉంచండి. మన భాషలో చెప్పాలంటే దానిని ఆర్.డిస్. చేయండి. శాశ్వతంగా ఉంచవలసిన కాగితం అది.

నా వంతుగా ఒక పని చేశాను. డెబ్బై అయిదేండ్ల వయసులో ఆ పాట మొత్తం నేర్చుకున్నాను. రెండు నెలలు పట్టింది. గొంతు బాగుండదు, శ్రుతి నిలవదు. అయినా మీ అనుమతితో పల్లవి వదిలేసి, చరణాలు మాత్రం పాడి ముగిస్తాను. అడిగినవారు లేరు. కనీసం మీరైనా వినండి.