మంచం కింద ఇద్దరు: కన్యాశుల్కాన్ని చదవడం, వినడం, చూడడం



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూర్చున్నామో ఆ మాస్టారు నాటకాన్ని పాఠంలా చెప్పేవారు కాదు. పుస్తకం తెరిచి చదివేవారు. పాత్రకొక గొంతు మార్చి నటించేవారూ కాదు. ఆగవలసిన చోట ఆగేవారు, తొందరపడవలసిన చోట తొందరపడేవారు. ఆయన ఆగిన చోట మేం తలెత్తి చూసేవాళ్లం. అచ్చులో లేని ఆ విరామం వ్యాఖ్యానమే. పుస్తకంలోని మాట గొంతులోకి రాగానే ఎవరో ఒకరు దానికి అర్థం నిర్ణయించక తప్పదు. సాహిత్యం ఒక మాధ్యమంలోంచి ఇంకో మాధ్యమంలోకి వెళ్లినప్పుడు దాన్ని ఎలా పరిశీలించాలి అన్న ఈనాటి ప్రసంగానికి అదే మొదలు. ఉదాహరణగా ఒక్క రచననే తీసుకుంటాను. అది గురజాడ నాటకం కన్యాశుల్కం.

నవల సినిమాగా వచ్చినా, కథ నాటకమైనా మన దగ్గర సాధారణంగా వినిపించే ప్రశ్న ఒకటుంది: మూలానికి న్యాయం జరిగిందా? ఈ ప్రశ్న వల్ల చర్చ ముందుకు సాగదని నా అభిప్రాయం. అవునంటే అక్కడితో అయిపోయింది, కాదన్నా అయిపోయింది. పైగా మూలం అనేది కదలకుండా ఒకచోట కూర్చుని ఉంటుందని ఆ ప్రశ్న ముందే ఒప్పుకుంటుంది. కన్యాశుల్కం విషయంలో ఆ ఊహ మొదటి అడుగులోనే నిలవదు.

ఈ నాటకం 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారి ప్రదర్శనతో జనం ముందుకొచ్చింది. పుస్తకంగా అచ్చయింది 1897లో. అంటే చదవడానికి ముందే జనం దీన్ని చూశారు. 1909లో గురజాడ మళ్లీ అచ్చువేసినప్పుడు అయిదంకాలది ఏడంకాలయింది. దాన్ని కొత్త నాటకమన్నా తప్పులేదు. మొదటి కూర్పులో అంత ప్రాధాన్యం లేని వేశ్య మధురవాణి రెండో కూర్పులో కథ పగ్గాలు చేతబట్టే మనిషిగా ఎదిగింది. మరి ఏది మూలం? ప్రదర్శించిందా, మొదట అచ్చయిందా, పెరిగిందా? కన్యాశుల్కాన్ని మొట్టమొదట మార్చి రాసినవాడు గురజాడే.

మొదటి కూర్పు పీఠికలో ఆయన ఒక లెక్క చెప్పారు. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో ఆడపిల్లకు డబ్బిచ్చి చేసుకున్న శుల్క వివాహాల జాబితా రాయిస్తే 1034 తేలాయి. ఆ అంకెను మనసులో పెట్టుకోండి. మనం నవ్వుతూ చూసే నాటకం వెనక అంతమంది ఆడపిల్లలున్నారు. ఈ నవ్వునూ ఆ అంకెనూ ఏ మాధ్యమం ఎలా కలిపి పట్టుకుంది అన్నది విశ్లేషించదగ్గ విషయం.

న్యాయం జరిగిందా అనే ప్రశ్నకు బదులుగా నేను ఇంకోటి వేస్తాను. ఈ క్షణాన ఎవరికి ఏం తెలుసు? పాత్రల్లో ఎవరికి తెలుసు, మనకు ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది? మాధ్యమం మారినప్పుడల్లా ఈ తెలియడం చేతులు మారుతుంది. అర్థం కూడా దానితోపాటే మారుతుంది.

మొదటి అంకంలో మధురవాణి ఇంట్లోని సన్నివేశం అందరికీ గుర్తే. మంచం కింద ఇద్దరు మగవాళ్లు నక్కుతారు, గిరీశం, రామప్పంతులు. చీపురుకట్ట పట్టుకుని పూటకూళ్లమ్మ వస్తుంది. పుస్తకంలో ఈ తతంగమంతా వరసగా జరుగుతుంది. మంచం మీది మాట చదువుతున్నంతసేపూ మంచం కింద ఏం జరుగుతోందో పాఠకుడే గుర్తుపెట్టుకోవాలి. కన్ను ఒక పంక్తి మీదే ఉంటుంది కాబట్టి రెండో చోటును మనసు మోయాలి. రంగస్థలం మీద ఆ బరువు తీరిపోతుంది. మంచం పైనా కిందా ఒకేసారి కనిపిస్తాయి, ఎటు చూడాలో ప్రేక్షకుడి ఇష్టం. ఒకడు మధురవాణి ముఖం చూస్తాడు, పక్కవాడు గిరీశం కాళ్లు చూస్తాడు. ఇద్దరూ ఒకే నాటకం చూసి రెండు రకాలుగా నవ్వుతారు. సినిమాలో ఎటు చూడాలన్నది కెమెరా తేలుస్తుంది. మంచం కింది మొహాలు చూపిస్తే అది దొరికిపోతామన్న భయంలోంచి పుట్టే హాస్యం. మధురవాణి మొహం చూపిస్తే ఆ ఇద్దరినీ ఆడిస్తున్న తెలివి కనిపిస్తుంది. ఒక్క షాటు ఎంపికతో ఈ సన్నివేశం ఎవరిదో తేలిపోతుంది. రేడియోలో మంచమే లేదు. మంచం ఉందని మాటల్లోనో, గొంతు అణచి మాట్లాడడంలోనో తెలియాలి. దూరంగా వినిపించే గొంతు, దగ్గరగా గుసగుస, ఈ రెండింటి మధ్య తేడాలోంచే వినేవాడు గది కట్టుకుంటాడు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయానికొస్తాను: వేషం.

ఈ నాటకంలో ఇద్దరు వేషం కడతారు. కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంలో లుబ్ధావధాన్లును పెళ్లాడతాడు. చివర్లో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు దగ్గరికి వెళుతుంది. ఆడవేషంలో మగపిల్లాడు, మగవేషంలో ఆడది. డబ్బిచ్చి ఆడపిల్లను కొనే సంతలో గురజాడ ముసలివాడి చేతికి మగపిల్లాణ్ణి అంటగట్టాడు. ఇది కథ నడపడానికి వేసిన ఎత్తే కాదు. వాళ్లు కొంటున్నది పిల్లను కాదు, పెళ్లికూతురి వేషాన్నేనని చూపించడం. ఆ చీరలో ఎవరున్నా వాళ్లకు తేడా లేదు.

పుస్తకంలో ఆ పిల్లవాడు చీర కట్టుకున్నాక కూడా అతని మాట పక్కన శిష్యుడనే అచ్చయి ఉంటుంది. పాఠకుణ్ణి ఆ వేషం ఒక్క క్షణం కూడా మోసగించదు. లుబ్ధావధాన్లు చూసేది పెళ్లికూతుర్ని, మనం చదివేది శిష్యుణ్ణి. పేజీ అంచున ఉన్న ఆ చిన్న పేరు నాటకకర్త మన చెవిలో చెబుతున్న రహస్యం. అచ్చుకు మాత్రమే చేతనైన పని అది.

రంగస్థలం మీద ఆ పేరు ఉండదు. చీర కట్టుకున్న పిల్లవాడు మాత్రమే ఉంటాడు. అతని నడకలోనో, తొట్రుపాటులోనో, కొంగు సర్దుకోవడంలోనో మగపిల్లాడు అప్పుడప్పుడూ బయటపడుతుండాలి. మరీ బయటపడితే ముసలాయన గుడ్డివాడవుతాడు, అసలు బయటపడకపోతే మనం మర్చిపోతాం. దీనికి మన రంగస్థల చరిత్ర ఇంకో మెలిక పెట్టింది. తెలుగు నాటకరంగంలో చాలాకాలం స్త్రీ పాత్రలు మగవాళ్లే వేశారు. స్థానం నరసింహారావు గారు మధురవాణి వేశారు. 1956లో పద్మశ్రీ అందుకున్న ఆ మహానటుడు రంగం మీదికొస్తే ఆడవాళ్లే చూసి నేర్చుకునేవారని పెద్దలు చెప్పుకునేవారు. అటువంటి ప్రదర్శనను ఊహించుకోండి. మధురవాణి మగవాడే, పెళ్లికూతురు వేషంలోని శిష్యుడూ మగవాడే. మొదటివారిని ఆడదని మనం నమ్మాలి, రెండోవారిని మగవాడని మర్చిపోకూడదు. ఇద్దరూ కట్టింది చీరే! చివరి అంకంలో మగనటుడు ఆడదిగా మారి, ఆ ఆడది మళ్లీ మగవేషం కట్టాలి. ఆ చివరి పొరలో ప్రేక్షకుడికి కనిపించవలసింది మగవేషం లోపలి మధురవాణి గాని, నటుడు కాదు. గురజాడ పేజీ మీద ఒక్కసారి రాసిన వేషం రంగస్థలం మీద ఇన్ని పొరలయింది. ఈ పొరలు పుస్తకంలో లేవు, అయినా పుస్తకానికి విరుద్ధం కావు.

1955లో వినోదావారు పి. పుల్లయ్య దర్శకత్వంలో కన్యాశుల్కాన్ని సినిమాగా తీశారు. సావిత్రి మధురవాణి, ఎన్.టి. రామారావు గిరీశం, సి.ఎస్.ఆర్. రామప్పంతులు, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. మధురవాణిగా స్త్రీయే నటించడంతో రంగస్థలం తెచ్చిపెట్టిన పొర ఒకటి పోయింది. వేరొక పొర వచ్చి చేరింది, అది తార. 1951లో పాతాళభైరవితో జనం గుండెల్లో నిలిచిన నాయకుడు గిరీశమయ్యాడు. పుస్తకంలోని గిరీశాన్ని మనం చదువుతూ చదువుతూ పసిగడతాం. తెర మీది గిరీశంతో మనకు ముందే స్నేహం ఉంది. ఆ మోసగాడి మీద మనకు కలిగే మమకారంలో రాతకెంత వాటా, తారకెంత వాటా? నా లెక్కలో తారదే పెద్ద వాటా. సినిమాను విశ్లేషించేవారు కథను దాటి ఇంతవరకూ రావాలి.

ఆ సినిమా చేసిన పనుల్లో నేను గొప్పదనుకునేది వేరే ఉంది. గురజాడ రాసిన పూర్ణమ్మ గేయాన్ని అందులో పాటగా పెట్టారు. నాటకంలో అది లేదు. డబ్బుకు ముసలివాడికి కట్టబెట్టిన పిల్ల కథ అది, చావుతో ముగుస్తుంది. నాటకంలో లుబ్ధావధాన్లుకు ఇవ్వబోయిన సుబ్బి పెళ్లి తప్పిపోతుంది, అందుకే మనం హాయిగా నవ్వగలం. సుబ్బి తప్పించుకున్న చోట పూర్ణమ్మ తప్పించుకోలేకపోయింది. ఆ రెంటినీ ఒకే చిత్రంలో చేర్చడమంటే గురజాడ చేతే గురజాడకు వ్యాఖ్యానం చెప్పించడం. పీఠికలోని 1034 అన్న అంకెకు తెర మీద దొరికిన చోటు ఆ పాట. ఇలాంటి చేర్పును చూసి మూలంలో లేదని కొట్టిపారేసేవారు సాహిత్య విమర్శను లెక్కల తనిఖీ స్థాయికి దింపుతున్నారు. అదే సినిమాలో శ్రీశ్రీ గీతం కూడా ఉంది. గురజాడ పోయేనాటికి అయిదేళ్ల పిల్లవాడైన కవి మాట ఆయన నాటకంలోకి వచ్చి చేరింది. ఇది పూర్ణమ్మ అంత బలంగా అతకలేదని నాకనిపిస్తుంది. పూర్ణమ్మ కథ లోపలి గాయాన్ని తాకింది, ఈ గీతం 1955 నాటి చెవికి ఇంపు కూర్చింది. మీరు ఒప్పుకోకపోవచ్చు. ఆ వాదన జరగవలసిన చోటు తరగతి గదే.

తగ్గించడం కూడా వ్యాఖ్యానమే. 1909 నాటి ఏడంకాలను యథాతథంగా ఒక సాయంత్రం ఆడడం అసాధ్యం. జె.వి. రమణమూర్తి గారు, సోమయాజులు గారు ఈ నాటకాన్ని సంక్షిప్తం చేసి దశాబ్దాల పాటు ఊరూరా ఆడారు. రమణమూర్తి గారి గిరీశాన్ని చూసినవాళ్లకు పుస్తకం తెరిస్తే ఆ గొంతే వినిపిస్తుంది. ఉత్తరాంధ్ర పలుకుబడి పుట్టుకతో వచ్చిన నటుల నోట ఈ సంభాషణలు అచ్చుకు అందని మలుపులు తిరుగుతాయి. ఆ ప్రదర్శనలో ఏ రంగాలు నిలిచాయి, ఏవి పోయాయి, పోయినవాటితో ఎవరి గొంతు తగ్గింది అని విద్యార్థి ఒక్క వారం కూర్చుని పోల్చుకుంటే, పాత్రచిత్రణ మీద పది వ్యాసాలు బట్టీపట్టినదానికన్నా ఎక్కువ నేర్చుకుంటాడు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పుస్తకం బదులు సినిమా చూపించకండి. సినిమా చూపించారని పుస్తకాన్ని వదిలేయకండి. ఒక్క రంగం తీసుకోండి, నాలుగైదు పేజీలు చాలు. ముందు మౌనంగా చదివించండి. తరవాత ఇద్దరు ముగ్గురి చేత పైకి చదివించండి, ఒకే మాటను ఇద్దరు రెండు రకాలుగా పలికితే ఆపి కారణం అడగండి. ఆ తరవాతే తెర మీది రంగం వేయండి, అదీ మొదట శబ్దం తీసేసి. మాట లేనప్పుడు కెమెరా ఎవరి పక్షాన ఉందో పిల్లలు చాలా త్వరగా కనిపెడతారు. వీడియోలు చేత్తో పట్టుకుని పెరుగుతున్న తరం ఇది. దృశ్యాన్ని చదివే శక్తి వాళ్లకు మనకన్నా ఎక్కువే ఉంది. దాన్ని మాటల్లో పెట్టడమే మనం నేర్పవలసింది.

పరీక్ష పత్రాల్లో ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న వస్తోంది: మధురవాణి పాత్రను చిత్రించుము. దాని బదులు చివరి రంగం మీద ప్రశ్న వేయమని పాఠ్యప్రణాళిక చేసేవారిని కోరుతున్నాను. సౌజన్యారావుకు కావలసిన సమాచారం చెప్పడానికి మధురవాణి ముద్దు వెలగా అడుగుతుంది. వేశ్యను చూడడానికే ఇష్టపడని ఆ పెద్దమనిషి తన కక్షిదారు కోసం సిద్ధపడతాడు. సరిగ్గా అప్పుడు ఆమే వద్దంటుంది, చెడనివాళ్లను చెడగొట్టవద్దన్న తల్లి మాట గుర్తుచేస్తుంది. అతను సిద్ధపడడానికీ ఆమె వద్దనడానికీ మధ్య పుస్తకంలో ఉన్నది ఒక పంక్తి ఎడం. రంగస్థలం మీద ఆ ఎడం ఎంతసేపుండాలి? రేడియోలో ఆ నిశ్శబ్దాన్ని దేనితో వినిపించాలి? తెర మీద ఆ క్షణాన ఎవరి మొహం చూపించాలి, ఎందుకు? ఈ మూడింటిలో ఒకదానికి రెండు పేజీల జవాబు రాయమనండి.