దిగు విద్య

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



కొండ నెక్కినవానిని లోకము మెచ్చును. దిగుటను విద్యగా ఎవ్వరును లెక్కింపరు. నీరు పల్లమెరిగినట్లు బండియు తానే పోవునని తలంతురు. ఆ తలంపు ఎంత పొరపాటో సైకిలు పందెముల చరిత్ర తెలుపుచున్నది.

హైదరాబాదున చలనచిత్ర పరిశ్రమకు నెలవైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పేటలు చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. అవి రాతిగుట్టలపై వెలసిన పేటలు. ఫిల్మ్‌నగర్ నుండి షేక్‌పేట వైపునకు బాట వాలుగా దిగును. అట్టి వాలున ఎగువకు సైకిలు తొక్కువాడు చెమటోడ్చును గాని పడడు. దిగువకు వచ్చువాడు చెమట పట్టకయే పడవచ్చును. ఆ గుట్టలను పెక్కింతలు పెంచి ఊహించినచో ఫ్రాన్సు, ఇటలీ దేశముల పర్వతమార్గములు కన్నులకు గట్టును.

ఆ దేశముల మహాపందెములు మూడు వారములు సాగును. ఒక్కొక్క దినపు పరుగు ఒక్కొక్క మజిలీ. అన్ని మజిలీలకు పట్టిన కాలమును కూడగా ఎవని మొత్తము తక్కువయో అతడే విజేత. కావున అచట ప్రతి క్షణమును జమాఖర్చునకు వచ్చును. కొండ నెక్కునపుడు గంటకు 20 కిలోమీటర్లు పోవుటయే ఘనము. దిగునపుడు వేగము 80 దాటును, ఒక్కొక్కయెడ 100 కిలోమీటర్లను అందుకొనును.

ఎడ్లబండిని ఏటిగట్టు దింపు రైతు పగ్గములు ముందే బిగించును. సైకిలు రౌతును అట్లే మలుపు రాకముందే బ్రేకు పట్టవలెను. మలుపు నడుమ గట్టిగా పట్టినచో టైరు జారును. బాట వెలుపలి అంచున ప్రవేశించి, లోపలి అంచును ఒరసి, మరల వెలుపలికి వచ్చినచో వంపు సడలి వేగము నిలుచును. చూపు లోయ మీద గాక మలుపు తుది మీద నుండవలెను.

ఇక వ్యూహము. చదునుబాటపై గుంపులోనివారు వంతులవారీగా గాలికి అడ్డు నిలిచి ఒంటరివానిని పట్టుకొందురు. వంకరల దిగుడున ఆ ఉపాయము చాలవరకు చెల్లదు. ఒకరి వెనుక ఒకరు ఎడముగా పోవలెను. ముందువాడు కొంచెము బ్రేకు పట్టిన వెనుకవాడు మరింత పట్టవలసి వచ్చును. కావున శిఖరమును ముందు దాటినవానికి బాట స్వాధీనము. దిగుడు ముగిసినచోటనే మజిలీ ముగిసినచో వెనుకవారికి పట్టుకొను వ్యవధియే లేదు.

2016 జూలై 9న ఫ్రాన్సు పందెపు ఎనిమిదవ మజిలీలో క్రిస్ ఫ్రూమ్ ఈ సూత్రమునే నమ్మెను. పేరసూర్డ్ కనుమపై, ఎక్కుట ముగిసినదని ప్రత్యర్థులు ఊపిరి పీల్చుకొను తరుణమున అతడు ముందునకు దూకెను. దిగువనున్న లుషోన్ పట్టణమునకు 13 సెకనులు ముందుగా చేరి, ఆ దినమే పసుపు చొక్కాను ధరించెను.

అదే యేడు మే 27న ఇటలీ పందెమున దీనికి విపరీతము జరిగెను. 3 నిమిషముల ఆధిక్యముతో గులాబి చొక్కా తొడిగియున్న స్టీవెన్ క్రూయిస్‌విక్ 2,744 మీటర్ల అన్యెల్లో కనుమ దిగుచు బాటప్రక్క మంచుగోడను ఢీకొని పడెను. పలుదినములు కూడబెట్టినది ఒక్క మలుపున ఖర్చు వ్రాయబడెను. ఆనాటి మజిలీ గెలిచిన విన్‌చెంజో నీబలీయే తుదకు పందెమునకు విజేత యయ్యెను. క్రూయిస్‌విక్‌కు దక్కినది నాలుగవ స్థానము.

మహాభారతమున నలోపాఖ్యానము ఇచట స్మరింపదగినది. బాహుకుడై రథము తోలుచున్న నలునకు అశ్వహృదయము తెలియును. ఋతుపర్ణుని ఉత్తరీయము జారిపడగా, రథము నిలుపుమనునంతలో అది యోజనము దాటిపోయెను. కాని తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించిన ఋతుపర్ణుని వద్ద ఆ నలుడే అక్షహృదయమును నేర్చెను. ఆ లెక్క తెలిసిన పిమ్మటనే కలి అతనిని విడిచెను. దిగు రౌతునకును ఈ రెండు విద్యలు కావలెను. బండి మనసు తెలియుట ఒకటి, బాట లెక్క తెలియుట రెండవది. మొదటిది మాత్రమే యున్నవాడు వేగముగా పోవును, క్షేమముగా చేరునని చెప్పరాదు.

క్షేమమను మాట ఇచట అలంకారము కాదు. 1995లో ఫాబియో కాసర్తెల్లి, 2023లో గీనో మేడర్ దిగుచుండగనే పడి ప్రాణములు కోల్పోయిరి. కాసర్తెల్లి ఒలింపిక్ స్వర్ణపతక విజేత. మేడర్ వయస్సు 26 సంవత్సరములు. ఆంద్రే కివిలెవ్ మరణానంతరము 2003 నుండి శిరస్త్రాణము తప్పనిసరి యయ్యెను. ఫ్రూమ్ నాడు చేసినట్లు పీటము విడిచి సైకిలు అడ్డగొట్టముపై కూర్చుండి దిగుటను 2021లో నిషేధించిరి. విజయము తెచ్చిన విద్యనైనను ప్రాణము కొరకు అదుపు చేయవలసి వచ్చినది.

యువకులు గ్రహింపవలసినది ఇది. దిగు విద్యకు సాహసము సగమే. తక్కిన సగము ముందుచూపు. దిగుడున గెలిచినవాడు బ్రేకు మరచినవాడు కాడు, దానిని ఎచట పట్టవలెనో అందరికంటె ముందుగా ఎరిగినవాడు. గట్టు దిగు ఊరి కుర్రవానికిని ఇదే నియమము. అతనికి చొక్కా నిచ్చువారు ఎవ్వరును లేరు, ఇంటికడ ఎదురుచూచువారు మాత్రము కలరు. సైకిలెక్కుటకు ముందు బ్రేకు ఒకమారు పట్టి చూచుటకు నిమిషమైనను పట్టదు.